ఎస్.ఓ.ఎస్. అని రాసిన మాత్ర

(వయోధికుల సంఘం నెలవారీ సమావేశంలో ఒక మత్తు వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలందరికీ నమస్కారం. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల సంచీ వెంట తెచ్చుకోండని ముందే కబురు పెట్టాను. చాలామంది ఒడిలో సంచులు కనబడుతున్నాయి. సంతోషం. వాటి పని చివర్లో చూద్దాం.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఎముకల ఆపరేషన్లకు మత్తు ఇస్తున్నాను. తుంటి విరిగినవారు, మోకీళ్ళు అరిగి మార్పించుకునేవారు, వీరిలో పెద్ద వయసువారే ఎక్కువ. ఆపరేషన్ బల్ల మీద ఉన్నంతసేపూ వారి నొప్పి బాధ్యత నాది. ఆ తరువాత వార్డులో నాలుగు రోజులు, ఇంట్లో ఆరు వారాలు ఆ బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న మా అమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు నన్ను గట్టిగా పట్టుకుంది.

అమ్మకు అప్పుడు 78 ఏళ్ళు. తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక మెడ దగ్గర విరిగింది. మా ఊరికి దూరంగా, వేరొక ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. చక్కగా జరిగింది కూడా. నేను చేరుకునేసరికి రెండో రాత్రి గడిచిపోయింది. ఆ రాత్రి అమ్మ సెలైన్ గొట్టం పీకేసింది. ఎప్పుడో చనిపోయిన వాళ్ళ అక్కను పేరు పెట్టి పిలిచింది. గోడ మీద చీమలు బారులు తీరి వస్తున్నాయన్నది. "పెద్దావిడ కదా, సంధి కొట్టింది" అని నిద్ర ఇంజెక్షన్ ఇచ్చారు. పొద్దున నేను మందుల కాగితం తిరగేశాను. నొప్పి మందు ఎదురుగా మూడక్షరాలు ఉన్నాయి. ఎస్.ఓ.ఎస్. అంటే అవసరమైతే ఇవ్వండి, అడిగితే ఇవ్వండి అని. చివరిసారి ఇచ్చి పంతొమ్మిది గంటలయింది.

మధ్యాహ్నానికి కొంచెం తేరుకున్నాక, "ఎందుకమ్మా అడగలేదు?" అన్నాను. "ఆ నర్సు పిల్ల రాత్రంతా పరిగెడుతూనే ఉందే. ఇంకా నేనెక్కడ పిలవను" అన్నది.

ఈ జవాబు మీలో ఎంతమందికి తెలిసినట్టుందో చేతులు ఎత్తమని అడగను. నాకు తెలుసు. మన పెద్దవారు నొప్పి చెప్పరు. పిల్లలకు ఇబ్బంది అని చెప్పరు. ఎక్కువ మందు మింగితే కిడ్నీలు పోతాయని చెప్పరు. ఇంత వయసు వచ్చి ఈపాటి ఓర్చుకోలేనా అని చెప్పరు. నొప్పి ఎక్కువంటే ఇంటికి పంపరేమోనని చెప్పనివారు కూడా ఉన్నారు. అలాంటివారి కాగితం మీద "అడిగితే ఇవ్వండి" అని రాస్తే, ఇవ్వవద్దని రాసినట్టే. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో నొప్పి మందు గడియారం చూసి ఇవ్వాలి, అడిగారా లేదా అని చూసి కాదు. ఈ ఒక్క మాట చెప్పటానికే నేను ఇక్కడికి వచ్చాను. మిగతాదంతా ఆ మందు ఏది, ఎంత, ఎవరికి ప్రమాదం అన్న వివరమే.

ఓర్చుకుంటే పోయేదేముంది అంటారు. చాలా పోతుంది. తుంటి ఆపరేషన్ అయినవారు నొప్పికి భయపడి నిండుగా ఊపిరి తీసుకోరు, గట్టిగా దగ్గరు. కఫం లోపలే నిలిచి న్యుమోనియా వస్తుంది. కాలు కదపరు, పిక్కల్లో రక్తం గడ్డ కడుతుంది. పక్కకు ఒత్తిగిల్లరు, నడుము కింద పుండ్లు పడతాయి. లేచి నడవటం ఒక్కొక్క రోజు ఆలస్యమైనకొద్దీ కండ కరుగుతుంది. ఈ వయసులో కరిగిన కండ మళ్ళీ పట్టటానికి నెలలు పడుతుంది.

ఇక ఆ సంధి సంగతి. డాక్టర్లు డెలీరియం అంటారు. నొప్పి మందుల మత్తు వల్లే ఇలా మాట్లాడుతున్నారని ఇంటివారు అనుకుంటారు. కొన్నిసార్లు నిజమే. కానీ న్యూయార్క్‌లో తుంటి విరిగిన వృద్ధుల మీద చేసి 2003లో వెల్లడించిన ఒక అధ్యయనం నేను ఎప్పుడూ గుర్తుంచుకుంటాను. అంతకు ముందు మతి స్పష్టంగా ఉన్నవారిలో, తీవ్రమైన నొప్పితో బాధపడ్డవారికి డెలీరియం వచ్చే అవకాశం సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువగా కనబడింది. మార్ఫిన్ జాతి బలమైన నొప్పి మందు మరీ తక్కువగా అందినవారికే, తగినంత అందినవారికంటే ఎక్కువగా మతి చెదిరింది. మందు తగ్గిస్తే మతి నిలుస్తుందనుకునేవారు ఇది గమనించాలి. డెలీరియానికి ఇంకా కారణాలున్నాయి: మూత్రం రాక నిలిచిపోవటం, ఒంట్లో సోడియం పడిపోవటం, ఇన్ఫెక్షన్, చివరికి కళ్ళజోడు, చెవి మిషను తీసి బీరువాలో పెట్టేయటం కూడా. అన్నీ చూడాలి. నొప్పిని మాత్రం తప్పకుండా చూడాలి. మా అమ్మకు ఇచ్చిన నిద్ర ఇంజెక్షన్ లాంటివి డెలీరియాన్ని ఇంకా పెంచుతాయి.

సరే, మందుల దగ్గరకు వద్దాం. పునాది పారాసెటమాల్. జ్వరానికి వేసుకునే ఆ మాత్రేనా అని చిన్నచూపు చూస్తారు. దాన్ని వేళ తప్పకుండా ఇస్తే మిగతా బలమైన మందులు సగానికి సగం అవసరం లేకుండా పోవటం నేను వందలసార్లు చూశాను. 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి అంటే రోజుకు 2,600 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి రోజు మొత్తం మీద గరిష్ఠ హద్దు 4 గ్రాములు. 50 కిలోల లోపు బరువున్నవారు, సరిగ్గా తిననివారు, కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు ఈ హద్దును బాగా తగ్గించుకోవాలి. రెండు మూడు గ్రాములు దాటవద్దని మేము చెబుతాము. ఖచ్చితమైన లెక్క మీ డాక్టరు చెప్పాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పారాసెటమాల్ ఒంటరిగా రాదు. అసెక్లోఫెనాక్‌తో కలిపి ఒక మాత్ర, ట్రామడాల్‌తో కలిపి మరొక మాత్ర, జలుబు మాత్రలో కొంత. ఆసుపత్రి చీటీలో ఒకటి, మందుల షాపులో అడిగి కొన్నది ఒకటి, అల్లుడు తెచ్చింది ఒకటి. మూడింటి మీద మూడు పేర్లు, మూడింటి లోపలా పారాసెటమాలే. అట్ట వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. కనబడకపోతే మనవడి చేత ఫోనులో ఫొటో తీయించి పెద్దది చేసి చదవండి.

ఇప్పుడు నేను భయపడే మందుల గురించి. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్. ఎముకల నొప్పికి ఇవి బాగా పనిచేస్తాయి, కాదనను. నలభై ఏళ్ళవారికి ఐదు రోజులు రాయటానికి నేను వెనుకాడను. 75 ఏళ్ళవారి దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. ఈ మందులు కిడ్నీకి వెళ్ళే రక్తప్రవాహాన్ని తగ్గిస్తాయి, కడుపులో పుండు చేస్తాయి, రక్తపోటు పెంచుతాయి, గుండె నీరసంగా ఉన్నవారికి ఒంట్లో నీరు చేరుస్తాయి. ఆపరేషన్ తరువాత రక్తం గడ్డకట్టకుండా ఎలాగూ పలుచన చేసే మందు ఇస్తారు. దానికి ఇవి తోడైతే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. మలం తారులా నల్లగా వస్తే అదే గుర్తు. బీపీకి టెల్మిసార్టాన్ వంటి మాత్ర, దానితోపాటు మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వాడుతూ, సరిగ్గా నీళ్ళు తాగని మనిషికి ఈ నొప్పి బిళ్ళ మూడోదిగా చేరితే కిడ్నీ వారం తిరగకుండానే దెబ్బతినవచ్చు.

"మా అమ్మకు క్రియాటినిన్ 1.0 అండీ, నార్మలే" అంటారు. ఆ రిపోర్టు మీద గీత గీసిన నార్మల్ ఆమెకు వర్తించదు. క్రియాటినిన్ అంటే కిడ్నీ వడకట్టి బయటకు పంపే వ్యర్థం. అది కండ నుంచి వస్తుంది. ఎనభై ఏళ్ళ ముసలమ్మకు కండ ఎక్కడిది? ఆమె బరువు 45 కిలోలు అనుకుందాం. వయసు, బరువు, క్రియాటినిన్ వేసి మేము లెక్క కడతాము. ఆమె కిడ్నీ వడకట్టేది నిమిషానికి సుమారు 32 మిల్లీలీటర్లు అని వస్తుంది. పడుచువారి కిడ్నీ అదే నిమిషంలో వంద, ఆ పైన వడకడుతుంది. అంటే ఆమె కిడ్నీ పని మూడో వంతుకు వచ్చేసింది, కాగితం మాత్రం నార్మల్ అంటోంది. మీ పెద్దవారి వయసు, బరువు చెప్పి "కిడ్నీ పని ఎంత ఉంది?" అని డాక్టరును ఆ మాటలతోనే అడగండి.

మన పల్లెల మీద తిరిగిన రాబందులు ఏమయ్యాయో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలను తిని, కిడ్నీలు పాడై చనిపోయాయి. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు. అయినా వృద్ధుల చీటీలో ఆ పేరు కనబడిన ప్రతిసారీ నాకు ఆ పక్షులు గుర్తొస్తాయి. దయచేసి వీధి చివర నడుముకు, కాలికి ఇచ్చే నొప్పి సూది జోలికి పోకండి. అందులో చాలాసార్లు ఇదే మందు ఉంటుంది, పక్కన స్టెరాయిడ్ కూడా ఉంటుంది. కొత్తగా కీలు పెట్టించుకున్నవారికి స్టెరాయిడ్ అంటే ఇన్ఫెక్షన్‌కు తలుపు తీయటం, షుగరును పైకి తోయటం.

తరువాత మార్ఫిన్ జాతి మందులు. ఈ పేరు వినగానే "అలవాటు పడిపోతారేమో" అంటారు. ఆపరేషన్ నొప్పికి కొద్ది రోజులు, కొద్ది మోతాదు, డాక్టరు కంటి ముందు వాడితే వృద్ధులు వాటికి బానిసలు కావటం అరుదు. ఆ భయం మన ఆసుపత్రుల్లో కూడా ఉంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం తరువాత లైసెన్సుల కష్టాలకు జడిసి చాలాచోట్ల మార్ఫిన్ పెట్టుకోవటమే మానేశారు. 2014లో ఆ చట్టాన్ని సవరించి, వైద్యానికి తప్పనిసరి అయిన మందులకు వెసులుబాటు ఇచ్చారు. మార్ఫిన్ తీసే నల్లమందును దేశంలోనే పండిస్తూ, మన ముసలివారు నొప్పితో మూలగటం నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

అయితే జాగ్రత్తలు గట్టివి. 80 దాటినవారికి పడుచువారి మోతాదులో సగమో అంతకన్నా తక్కువో ఇచ్చి మొదలుపెట్టి, చూసి, మెల్లగా పెంచాలి. కిడ్నీ మందగిస్తే మార్ఫిన్ విరిగిన తరువాతి పదార్థాలు ఒంట్లో పేరుకుంటాయి. మనిషి మగతలోకి జారిపోతాడు, ఊపిరి నెమ్మదిస్తుంది. ట్రామడాల్ తేలిక మందు అని పేరు. 2018లో అదీ మాదకద్రవ్యాల చట్టం కిందకు వచ్చింది. వృద్ధులకు కళ్ళు తిరగటం, వాంతులు, సోడియం పడిపోవటం దానితో మామూలు. ఫిట్స్ ఉన్నవారికి ఇవ్వకూడదు. మనసు కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, రెండూ కలిస్తే ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది. పెంటజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్ మన దగ్గర ఇంకా విరివిగా ఇస్తున్నారు. లేనివి కనబడటం, కంగారు, దిగులు దానితో వృద్ధులకు ఎక్కువ. నేనైతే వారికి ఇవ్వను. ఇంట్లో అలవాటుగా వేసే నిద్ర మాత్రను ఈ మందులతో కలపకండి, ఒక్క రాత్రికి కూడా.

కొందరికి చర్మం మీద అంటించే నొప్పి పట్టీ ఇస్తారు. బ్యూప్రెనార్ఫిన్ పట్టీ ఒకటి అంటిస్తే ఏడు రోజులు పనిచేస్తుంది. దాని మీద వేడినీళ్ళ సంచీ పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా లోపలికి ఎక్కువగా దిగుతుంది. కాపడం పెట్టటం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. పాతది తీయకుండా కొత్తది అంటించటమూ చూశాను. తేదీ దాని మీదే పెన్నుతో రాయండి.

మార్ఫిన్ జాతి మందు మొదలైన రోజే మలబద్ధకానికి మందు కూడా మొదలవ్వాలి. నాలుగు రోజులు ఆగి ఎనీమా ఇవ్వటం పెద్దవారికి అవమానం, నొప్పి. ఇసబ్గోల్ పొట్టు చాలదు. నీళ్ళు తక్కువ తాగేవారికి అది లోపల ఇంకా గట్టిపడుతుంది. పేగును కదిలించే మందు అడగండి.

ఇవన్నీ తగ్గించే మంచి దారి ఒకటి ఉంది. నరం దగ్గర మత్తు సూది. తుంటికి గజ్జ పక్కన, మోకీలుకు తొడ మధ్యలో, స్కానింగులో చూస్తూ ఇస్తాము. తుంటి విరిగినవారికి ఆపరేషన్ దాకా ఆగకుండా, వచ్చిన వెంటనే ఇవ్వవచ్చు. ఎక్స్‌రే బల్ల మీదకు మార్చేటప్పుడు పడే నరకం తప్పుతుంది. మీ ఆసుపత్రిలో ఇస్తారా అని మత్తు డాక్టరును నేరుగా అడగండి. దాని పని సుమారు 12 నుంచి 24 గంటలు. అది దిగిపోయేది తరచు అర్ధరాత్రి. హాయిగా ఉందని మాత్రలు మానేస్తే, ఆ గంటలో నొప్పి ఒక్కసారి మీద పడుతుంది. హాయిగా ఉన్నప్పుడే మాత్ర పడాలి. సూది బలంతో కాలు పట్టు తప్పి ఉండవచ్చు కాబట్టి మనిషి తోడు లేకుండా మంచం దిగవద్దు.

ఇప్పుడు నొప్పి ఎలా చెప్పాలో చూద్దాం. ఆసుపత్రిలో సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతారు. మా అమ్మను అడిగితే "ఏదో, పరవాలేదు" అన్నది. అంకె ఆమె భాష కాదు. మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో, ప్రతి మాటా నాకు ఒక్కో దారి చూపిస్తుంది. కదిలితే పోటు వస్తోంది అంటే కోత దగ్గరి మామూలు నొప్పి, వేళకు మాత్రలతో దారికొస్తుంది. కదలకపోయినా సలుపుతోంది అంటే వాపు. కాలు ఎత్తులో పెట్టి, బట్ట చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. వారం పది రోజుల తరువాత, తగ్గిన నొప్పి మళ్ళీ కొత్తగా సలపటం మొదలై, చోటు వెచ్చగా, ఎర్రగా ఉంటే చీము పడుతోందేమోనని నేను వెంటనే చూస్తాను. మంటగా ఉంది, తిమ్మిరిగా ఉంది, కరెంటు కొట్టినట్టుంది అంటే నరం నొప్పి. దానికి పారాసెటమాల్ అంతగా పనిచేయదు. ప్రీగాబాలిన్ వంటివి ఇస్తారు, కానీ పెద్దవారిని అవి తూలిస్తాయి, మార్ఫిన్ జాతితో కలిస్తే ఊపిరిని నెమ్మది చేస్తాయి, కాబట్టి చిన్న మోతాదే. పిక్క లాగుతోంది, ఒక కాలే వాచింది అంటే రక్తం గడ్డ అనుమానం. ఆ రోజే ఆసుపత్రికి. కాబట్టి అంకె తోచకపోతే వదిలేయండి. పోటా, సలుపా, మంటా, లాగుతోందా అన్నది మీ మాటల్లోనే చెప్పండి.

చెప్పలేనివారి సంగతి నన్ను ఎక్కువ బాధిస్తుంది. మతిమరుపు జబ్బు ముదిరినవారికి తుంటి విరిగితే, మతి బాగున్నవారికి ఇచ్చిన మార్ఫిన్ జాతి మందులో మూడో వంతే అందిందని 2000 సంవత్సరంలో మరొక న్యూయార్క్ అధ్యయనం చూపింది. ఎముక అదే, కోత అదే. నోరు లేకపోవటమే తేడా. వారిని ముఖం చూసి తెలుసుకోవాలి. శ్వాస, మూలుగు, నుదుటి ముడతలు, పిడికిళ్ళు, ఓదారిస్తే శాంతిస్తారా లేదా, ఈ ఐదింటినీ చూసి మార్కులు వేసే పద్ధతి ఉంది. మీరు నలభై ఏళ్ళు కలిసి బతికినవారు, నర్సుకన్నా ముందు మీకే తెలుస్తుంది. "ఈయన నొప్పి పడితే ఇలా పెదవి బిగబడతారు" అని వార్డులో చెప్పండి, కాగితం మీద రాయమనండి.

ఇంటికి వచ్చాక వ్యాయామం చేయించేవారు రావటానికి ముప్పావు గంట ముందు మాత్ర వేయండి. వారు వెళ్ళాక వేస్తే ప్రయోజనం సగమే. ముందు ఆపాల్సినవి మార్ఫిన్ జాతి మందులు, ఆ తరువాత మిగతావి. పారాసెటమాల్ ఆఖరున. మెల్లగా తగ్గించండి, మోకీలుకు తుంటికన్నా ఎక్కువ వారాలు పడుతుంది. పిలిస్తే లేవనంత మగత, మూత్రం రాకపోవటం, నల్లటి మలం, గాయం నుంచి రసి, జ్వరం, ఆపరేషన్ అయిన కాలు ఉన్నట్టుండి పొట్టిగా పక్కకు తిరిగిపోవటం, ఇవి కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు.

మా అమ్మ కాగితం మీద ఆ మూడక్షరాలు కొట్టించి, ఆరు, పన్నెండు, ఆరు, పన్నెండు అని గంటలు రాయించాను. పారాసెటమాల్, దానికి తోడు చాలా చిన్న మోతాదులో మార్ఫిన్. చెవి మిషను, కళ్ళజోడు పెట్టాము. మరుసటి రోజు సాయంత్రం వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేసి కూర్చుని, "పాలవాడికి డబ్బులిచ్చారా?" అని అడిగింది.

ఇక మీ సంచులు తీయండి. ముందు వరుసలోని అమ్మగారి దగ్గర మొదలుపెడదాం. అన్ని అట్టలూ ఈ బల్ల మీద పరవండమ్మా, ఏ పేరు వెనుక ఏ మందు ఉందో ఒక్కొక్కటిగా చదువుదాం.